సవరణ: స్క్విడ్ జాబితాలో పేరుకు ముందు చుక్క ఉండాలి

కావలిలో మా కళాశాల ల్యాబుకు స్క్విడ్ ప్రాక్సీ (కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచి, వద్దన్న సైట్లను ఆపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్న తీరు గురించి పోయిన వారం రాశాను. అందులో ఒక మాట తప్పు. నిషేధిత జాబితాలో సైటు పేరు రాస్తే చాలు, దాని ఉపడొమైన్లన్నీ (మొబైల్ సైటులా, ఆ పేరుకు ముందు మరో మాట చేరిన పేర్లు) ఆగిపోతాయన్నాను. ఆగవు.

ఆ నియమం ఈటూగార్డియన్ అనే మరో వడపోత సాఫ్ట్‌వేర్‌ది. దాని జాబితాలో ‘ఎగ్జాంపుల్.కామ్’ అని రాస్తే ‘మెయిల్.ఎగ్జాంపుల్.కామ్’ కూడా ఆగుతుంది. స్క్విడ్‌లో సైటు పేర్లు రాసే డీఎస్‌టీడొమైన్ జాబితాలో మాత్రం చుక్క లేని పేరు అచ్చంగా ఆ ఒక్క పేరుకే వర్తిస్తుంది. ‘.ఎగ్జాంపుల్.కామ్’ అని ముందు చుక్క పెడితేనే ఆ డొమైనూ, దాని కింది పేర్లన్నీ పరిధిలోకి వస్తాయి. రెండింటినీ ఏళ్ల తరబడి పక్కపక్కనే చూస్తూ, ఒకదాని అలవాటు మరొకదానికి అంటగట్టాను. ఒంగోలు మిత్రుడొకరు ఫోను చేసి, "మీరు చెప్పినట్టే రాశానండీ, పిల్లలు మొబైల్ సైటులో హాయిగా ఆడుకుంటున్నారు" అన్నాక గానీ తెలిసిరాలేదు.

అలాగని పాత పేర్లను ఉంచి చుక్క పేర్లను అదనంగా చేర్చకండి. ఒకటి మరొకదానిలో ఇమిడి ఉందని స్క్విడ్ గొణుగుతుంది. చుక్క ఉన్నదే ఉంచండి. ముందు హెచ్‌టీటీపీఎస్, చివర ఏటవాలు గీత ఉండకూడదు.

జాబితా మార్చిన ప్రతిసారీ సర్వర్‌ను రీస్టార్ట్ చేయమని అప్పుడు నేనన్నదీ అనవసరపు శ్రమే. రీకన్ఫిగర్ ఆదేశం ఇస్తే స్క్విడ్ జాబితాను మళ్లీ చదువుకుంటుంది. తర్వాత ఆ సైటు తెరవబోతే, స్క్విడ్ రాసుకునే లాగ్‌లో ఆ పేరు ఉన్న వరుసలో టీసీపీ_డినైడ్ (ఆపేశానని అర్థం) కనబడాలి. కనబడలేదా, స్క్విడ్ సెట్టింగుల ఫైలులో నిషేధ వరుసకు పైన అనుమతించే వరుస ఏదైనా ఉందేమో చూడండి. అనుమతి, నిషేధం చెప్పే ఈ హెచ్‌టీటీపీ_యాక్సెస్ వరుసల్లో మొదట సరిపోయినదే చెల్లుతుంది.