సవరణ: 6ఎక్స్, 6సి ఒకటి కావు

చాట్‌బాట్‌ను అడిగి హోమియో మందు ఎంచుకోవడంపై ముందు పెట్టిన పోస్టులో "6ఎక్స్, 6సి ఒకటే, ఏది దొరికితే అది" అని ఉంది. ఆ వాక్యం కొట్టేసి చదవండి.

ఇవి మందును ఎంత పలచన చేశారో చెప్పే గుర్తులు: అంకె ఎన్ని మెట్లో చెబుతుంది, అక్షరం మెట్టుకు ఎంతో చెబుతుంది. ఎక్స్‌లో మెట్టుకు పది రెట్లు పలచన, సి-లో వంద రెట్లు. అంటే 6ఎక్స్‌లో మూలపదార్థం పది లక్షల్లో ఒక వంతు, 6సి-లో లక్ష కోట్లలో ఒక వంతు. 30సి మాత్రలో మిగిలేది ఎటూ పంచదారే. అసలు భయం మదర్ టింక్చర్‌తో, అంటే ఇలా పలచన చేయక ముందున్న మూల ద్రావణంతో (లేబుల్‌పై గుర్తు క్యూ): బెల్లడోనా, ఎకోనైట్ లాంటి విషపు మొక్కలదైతే అందులో విషం నిజంగానే ఉంటుంది. చాట్‌బాట్ మందు పేరు సరిగ్గా చెప్పి, పక్కన క్యూ, ఎక్స్, సి తారుమారు చేయొచ్చు, అదీ మహా ధీమాగా! కాబట్టి లేబుల్‌పై అంకెతోపాటు అక్షరమూ చూడండి. టింక్చర్ పొరపాటున మింగితే మళ్లీ చాట్‌బాట్‌నే అడుగుతూ కూర్చోకుండా, సీసా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.