మహాబలిపురం గంగకి నీళ్ళెప్పుడు?

మహాబలిపురంలో గంగావతరణమనీ, అర్జునుడి తపస్సనీ పిలిచే ఆ పెద్ద బండ శిల్పం ముందు మనవాళ్ళు ఎంతసేపు ఉంటారో ఎప్పుడైనా గమనించారా? తిరుపతి, కంచి, మహాబలిపురం, పాండిచ్చేరి అని ప్యాకేజీ టూరు బస్సులో వస్తారు. కంచె దగ్గర గ్రూప్ ఫొటో, ఏనుగుల ముందు ఇంకోటి. గైడు ఉంటే పిల్లినీ ఎలుకల్నీ చూపిస్తాడు, అందరూ నవ్వుతారు. ఇక పదండి, వెన్నముద్ద రాయి దగ్గరికి. వాళ్ళ మీద నాకు కోపం లేదు. డ్రైవరు టైమ్ అయిపోతోందని హారన్ కొడుతుంటే ఎవరు మాత్రం ఏం చూస్తారు? ఆ శిల్పంలో ఏం జరుగుతోందో వచ్చినవాళ్ళకి తెలిసేలా ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ చెయ్యలేదే, అదీ నా బాధ.

ఎందుకంటే అది నీళ్ళతో కలిపి చూడాల్సిన శిల్పం. నీళ్ళు లేకుండా మనం సగమే చూసి వస్తున్నాం.

7వ శతాబ్దం, పల్లవుల కాలం. మామల్లుడన్న బిరుదున్న మొదటి నరసింహవర్మ చెక్కించాడని ఎక్కువమంది చెప్పే మాట. పక్కపక్కనే రెండు బండలు. రెండూ కలిపి సుమారు 90 అడుగుల పొడవు, 30 అడుగుల పైనే ఎత్తు. మధ్యలో పైనుంచి కిందిదాకా సహజంగా ఏర్పడిన చీలిక. బండలో చీలిక ఉందంటే మామూలుగా ఇంకో బండ వెతుక్కుంటారు. ఈ శిల్పులు మాత్రం ఆ చీలికనే గంగని చేసేశారు! అందులో నాగరాజు, నాగిని చేతులు జోడించి పైకి ఈదుకుంటూ వెళుతుంటారు. అటూ ఇటూ వందకి పైగా బొమ్మలు. గంధర్వులు, సిద్ధులు, వేటగాళ్ళు, సింహాలు, లేళ్ళు. దాదాపు అందరి నడకా ఆ చీలిక వైపే. బండ పైన నీళ్ళు నిలవ చేసే తొట్టి ఉండేదని, ప్రత్యేక సందర్భాల్లో దాన్నుంచి చీలికలోకి నీళ్ళు వదిలేవారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

నన్నడిగితే అంత పెద్ద సాక్ష్యం కూడా అక్కర్లేదు. చీలికకి ఎడమవైపు కింద చిన్న గుడి ఉంటుంది, దాని దగ్గర మునులు కూర్చుని ఉంటారు. వాళ్ళ పక్కన ఏటి ఒడ్డున నిలబడ్డ నలుగురినీ కాస్త ఓపిగ్గా చూడండి. ఒకాయన కుండతో నీళ్ళు భుజాన మోసుకెళుతున్నాడు. ఒకాయన స్నానం చేసి తడిబట్ట పిండుతున్నాడు, రెండు చేతులా మెలి తిప్పి మరీ. ఇంకొకాయన చేతులు పైకెత్తి వేళ్ళ సందులోంచి సూర్యుణ్ణి చూస్తున్నాడు, మధ్యాహ్న సంధ్య వార్చేటప్పుడు చూసినట్టు. నీళ్ళు లేని చోట బట్ట పిండే మనిషిని ఎవరైనా చెక్కుతారా? కుడివైపు ఏనుగులు పిల్లల్ని కాళ్ళ కింద పెట్టుకుని రేవులోకి దిగుతున్నట్టుంటాయి.

ఆ పిల్లి సంగతి కూడా అంతే. చీలిక పక్కన పైన ఒక తపస్వి ఒంటికాలి మీద నిలబడి చేతులెత్తి ఉంటాడు. ఒళ్ళు చిక్కిపోయి పక్కటెముకలు తేలి ఉంటాయి. ఎదురుగా శివుడు వరమిస్తూ ఉంటాడు. సరిగ్గా అదే భంగిమ కింద పిల్లికి పెట్టారు, చుట్టూ ఎలుకలు. పైన అసలు తపస్సు, కింద దొంగజపం. రెండూ ఒకే గంగ ఒడ్డున! పైనాయన్ని చూపించకుండా పిల్లిని మాత్రమే చూపిస్తే అది ఉత్త జోకైపోతుంది.

ఆ తపస్వి అర్జునుడా, భగీరథుడా అన్న వాదన ఇప్పటికీ తేలలేదు. పాశుపతం కోసం అర్జునుడు అని కొందరు, గంగ కోసం భగీరథుడు అని కొందరు. కావాలనే రెండు కథలూ ఒకే రాయిలో పెట్టారన్నవాళ్ళూ ఉన్నారు. ఒకే పద్యంలో రెండు కథలు చెప్పే ద్వ్యర్థి కావ్యాలు రాసుకున్న భాష మనది, మనకి ఆ మాట వింతగా ఏమీ ఉండదు. నేనైతే ఆ చీలికనీ అందులోని నాగుల్నీ చూసి భగీరథుడి వైపే మొగ్గుతాను.

ఒకసారి ఈశాన్య రుతుపవనాల వానలో చూశాను ఆ బండని. నాగరాజు పడగలు తడిసి నల్లగా నిగనిగలాడాయి. ఎండలో పొడిపొడిగా కనిపించే రాయి, తడవగానే ప్రతి గీతా లేచి వచ్చింది. గొడుగు లేనివాళ్ళు కూడా కాసేపు కదల్లేదు.

1984లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2019 అక్టోబరులో మన ప్రధాని, చైనా అధ్యక్షుడు ఈ శిల్పం ముందే నిలబడ్డారు, టీవీల్లో ప్రపంచమంతా చూసింది. అయినా ఆ గంగ సంగతి వచ్చినవాళ్ళలో ఎంతమందికి తెలుస్తోంది?

అసలు శిల్పం మీదే నీళ్ళు వదలమని నేననడం లేదు. పాచి పడుతుంది, ఉప్పుగాలికి తోడు తడి చేరితే రాయి పాడవుతుంది. దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. కానీ నకలు చెయ్యొచ్చు కదా? అదే సైజులో, అదే రాతిలో, ఊళ్ళోనే ఇంకో చోట, చీలికలోంచి నీళ్ళు పారేలా. ఫ్రాన్స్‌లో ఆదిమానవులు వేసిన లాస్కో గుహ బొమ్మలు జనం ఊపిరి తడికి పాడవుతున్నాయని 1963లో గుహ మూసేశారు, 1983లో పక్కనే నకలు తెరిచారు.

చెక్కేవాళ్ళు ఎక్కడా అని వెతకక్కర్లేదు. ఆ ఊళ్ళో ఏ సందులోకి వెళ్ళినా ఉలి చప్పుడు, గ్రైండర్ల రొద. శిల్పం నేర్పే ప్రభుత్వ కాలేజీ 1957 నుంచీ ఉంది. అక్కడి రాతి శిల్పానికి, అది ఆ ఊరి ప్రత్యేకతేనని చెప్పే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. ఎక్కడెక్కడి గుళ్ళకో విగ్రహాలు చేసి పంపేవాళ్ళకి, తమ ఊరి గంగని మళ్ళీ చెక్కే పని ఒక్కసారి ఇచ్చి చూడండి. చెక్కడం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, ఆ పని జరుగుతుంటే చూడ్డానికే జనం వస్తారు. పిల్లలకి పాఠం వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు లేదంటారేమో. సముద్రాల ఒడ్డునా నదుల ఒడ్డునా ఆకాశమంత విగ్రహాలకి దొరికే డబ్బు దీనికి దొరకదంటే నేను నమ్మను.

ఇదంతా జరిగేలోగా వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. శిల్పం తూర్పుముఖం, మధ్యాహ్నం దాటితే నీడ పడుతుంది. టూరు వాళ్ళకి ముందే గట్టిగా చెప్పండి, అక్కడ ఒక గంట కావాలని. ముందు ఆ బట్ట పిండే ఆయన్ని వెతికి పట్టుకోండి, అక్కడినుంచి పైకి చూసుకుంటూ వెళ్ళండి.