మోతకి భయపడ్డాను, నిదానం నచ్చింది

బ్లాక్ సబ్బత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ గురించి ఎవరు రాసినా 'హెవీ మెటల్ పుట్టింది ఇక్కడే' అని మొదలుపెడతారు. నిజమే కావచ్చు. కానీ రాక్ సంగీతం ఏదో కారులో వెళ్తూ వినడమే తప్ప లోతుపాతులు తెలియని నాలాంటి వాళ్లకి ఆ మాట మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. చెవులు చిల్లులు పడతాయేమోనని అసలు ఆ జోలికే వెళ్లం. తీరా వింటే ఈ ఆల్బమ్‌లో నన్ను పట్టుకున్నది మోత కాదు, నిదానం.

బ్యాండ్ పేరే పెట్టుకున్న మొదటి పాట సంగతి చూడండి. వాన, ఉరుములు, ఎక్కడో దూరంగా గంట. కాసేపు అంతే. తర్వాత గిటార్ మీద మూడంటే మూడు స్వరాలు: కింది షడ్జం, పై షడ్జం, మధ్యలోకి దిగి ప్రతి మధ్యమం. పిల్లల్ని కర్ణాటక సంగీతం క్లాసులకి తిప్పే తల్లిదండ్రులకి ఇది ఇట్టే తెలిసిపోతుంది. కల్యాణి రాగంలో అదే ప్రతి మధ్యమం ఎంత హాయిగా ఉంటుంది! ఇక్కడ గాంధారం, పంచమం తోడు లేక ఒంటరిగా నిలబడి వణుకుతుంది. ఆ వణుకే పాటకి ప్రాణం. పాశ్చాత్య సంగీతంలో షడ్జానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఈ దూరానికి 'సంగీతంలో సైతాను' అని పాతకాలం నుంచి పేరుంది. బ్యాండ్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ గొంతు ఎత్తగానే గిటార్ మోత దాదాపు అణిగిపోతుంది. ఆరు నిమిషాల పైచిలుకు పాటలో నాలుగున్నర నిమిషాలు ఇలా కాళ్లీడుస్తూ నడిపించి, చివర్లో ఒక్కసారిగా పరుగు అందుకుంటారు. మొదటి నుంచీ పరిగెత్తి ఉంటే ఆ పరుగుకి విలువేముంది?

ఈ రికార్డింగ్ ఒక్క రోజు పని. 1969 అక్టోబరులో లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఇంచుమించు 12 గంటల్లో ముగించారు. బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ పేటలో పెరిగిన నలుగురు కుర్రాళ్లు, అందరికీ 20, 21 ఏళ్లే. ఆజీని ఒక చిన్న గదిలో నిలబెట్టి, మిగతా ముగ్గురూ వాయిస్తుంటే అప్పటికప్పుడే పాడించారు. చాలా పాటలకి రెండో టేక్ లేదు. వాన, గంట మాత్రం తర్వాత కలిపారు. ఆ తొందర వినిపిస్తూనే ఉంటుంది. బిల్ వార్డ్ డ్రమ్స్ అక్కడక్కడ ఉత్సాహం ఆపుకోలేక ముందుకు తోసుకొస్తాయి. ఇప్పుడైతే ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో దెబ్బనీ గీతమీద పెట్టినట్టు సరిచేసేవారు. చేయనందుకే నాకు సంతోషం.

గిటార్ వాయించిన టోనీ అయోమి కథ వినే ఉంటారు. 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో, అదీ ఉద్యోగంలో ఆఖరి రోజున, మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకుని, వాటికి తోలు అతికించి, పల్చటి తీగలు కట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. తొడుగు వేసిన వేలికి తీగ స్పర్శ తెలియదు. తక్కువ స్వరాలతో ఎక్కువ బరువు మోయించే ఆ పద్ధతి కొంతవరకు అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

అన్నీ మెచ్చుకోలేను. 'ఎవిల్ ఉమన్' క్రో అనే అమెరికన్ బ్యాండ్ పాట. వీళ్ల చేతిలో అది మొక్కుబడిగా సాగుతుంది. అమెరికాలో విడుదల చేసినప్పుడు దాన్ని తీసేసి వేరే పాట పెట్టారు, మంచి పని చేశారు. 'వార్నింగ్' కూడా అరువు తెచ్చుకున్నదే, పది నిమిషాలు దాటుతుంది. అందులో గిటార్ తనలో తాను మాట్లాడుకుంటూ ఎటో వెళ్లిపోతుంది. ఇక ఆజీది గొప్ప గొంతు కాదు. కానీ భయపడుతున్న మనిషి నిజంగా భయపడుతున్నట్టే పాడతాడు, అది శిక్షణతో వచ్చేది కాదు.

భయం అంటే గుర్తొచ్చింది. ఆల్బమ్ అట్ట లోపల తలకిందుల శిలువ బొమ్మ ముద్రించారు. బ్యాండ్‌ని ఒక్క మాట అడగకుండా కంపెనీ వాళ్లు చేసిన పని అది. దాంతో వీళ్లు దెయ్యాన్ని కొలిచేవాళ్లన్న ముద్ర పడిపోయింది. మొదటి పాటలో ఉన్నదేమో నల్లటి ఆకారాన్ని చూసి దేవుడా కాపాడమని మొరపెట్టుకునే మనిషి! 'ఎన్.ఐ.బి.'లోనైతే సైతానే ప్రేమలో పడి బతిమాలుకుంటాడు. పిల్లల గదిలో ఈ బ్యాండ్ పోస్టర్ చూసి టెన్షన్ పడే అమ్మానాన్నలు ఈ రెండు పాటలూ ఒకసారి వింటే బాగుండు.

1970 ఫిబ్రవరి 13న, పాశ్చాత్యులు అపశకునంగా భావించే 13వ తేదీ శుక్రవారం చూసుకుని మరీ ఆల్బమ్ విడుదల చేశారు. విమర్శకులు చీల్చి చెండాడారు. జనం మాత్రం కొన్నారు: బ్రిటన్‌లో 8వ స్థానం, అమెరికాలో 23. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన రెండో ఆల్బమ్ 'పారనాయిడ్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 2025 జులై 5న ఆ నలుగురూ ఆస్టన్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో చివరిసారి కలిసి వాయించడం, 22న ఆజీ కన్నుమూయడం తర్వాత కొత్తగా వినాలనుకునే వాళ్లకి అందరూ ఆ 'పారనాయిడ్'నే చేతిలో పెడుతున్నారు. నేనైతే మొదటి దానితోనే మొదలుపెట్టమంటాను. రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో. 'వార్నింగ్' మధ్యలో ఆపేసినా ఎవరూ ఏమీ అనుకోరు.