జవహర్‌నగర్ గుట్ట: ముందు ఉన్నదాని సంగతి చూడండి

హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు గురించి అధికారులది ఎప్పుడూ ఒకటే పాట: కెపాసిటీ పెంచుతాం, ఇంకో ప్లాంటు పెడతాం. అసలు కంపు ఎక్కడ మొదలవుతుందో చూడరేం? ఇంట్లో తడి, పొడి వేరు చేసి స్వచ్ఛ ఆటోలో వేసినా, ఆటోల చెత్తను పెద్ద బండ్లకు ఎక్కించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో, చెత్తను నొక్కి నింపే ఒకే కాంపాక్టర్‌లో కుక్కితే అంతా ముద్దే. పులుసు పీల్చిన అట్టపెట్టెను, అన్నం అంటుకున్న కవరును ఏ స్క్రాప్ షాపూ కొనదు. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటుకు పంపుదామంటే తేమ ఎక్కువై సరిగ్గా మండదు. ఇక మిగిలింది గుట్టే. అక్కడ గాలి ఆడక కుళ్లి మీథేన్ పుడుతుంది. వాన పడితే నల్లటి ఊట కిందికి దిగుతుంది. దగ్గర్లోని మల్కారం చెరువు పాడైంది దానివల్లే కదా! పైన షీటు కప్పి మట్టి పోస్తే వాన నీరు ఆగుతుందేమో గానీ, అడుగున లైనర్ (ఊట నేలలోకి దిగకుండా పరిచే పొర) లేని పాత చెత్త ఊట ఆగదు.

రోజుకు 5 టన్నులు దాటిన చెత్త కేంద్రం చుట్టూ బఫర్ జోన్, అంటే కట్టడాలు రాకూడని జాగా, ఉండాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఇళ్లు గుట్ట దాకా వచ్చాక ఆ జోన్ ఎక్కడ గీస్తారు, కాగితం మీదా? తడి చెత్తకు వేరే కాంపాక్టర్ పెట్టండి. చుట్టుపక్కల బోరు నీళ్ల పరీక్ష ఫలితాలు నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయండి. విస్తరణ మాట ఆ తర్వాత ఎత్తండి.