సవరణ: హ్యాంక్స్‌విల్ నుంచి బ్లాండింగ్ 95 మైళ్లు కాదు

క్యాపిటల్ రీఫ్ పార్కు చూసుకుని నేచురల్ బ్రిడ్జెస్ పార్కు మీదుగా వెళ్లే అమెరికా యూటా రాష్ట్రపు బైక్ ట్రిప్ ప్లాన్‌లో, హ్యాంక్స్‌విల్ దాటాక 95 మైళ్లకు బ్లాండింగ్‌లో గ్యాస్ (పెట్రోల్) దొరుకుతుందని రాశాను. తప్పు నాదే. 95 అనేది ఆ రోడ్డు నంబరు. దూరం దాదాపు 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. రాష్ట్ర రహదారుల మ్యాప్‌తో సరిచూసుకున్నాకే ఈ మాట చెబుతున్నాను.

చిన్న ట్యాంకు బైకులకు ఇది చిన్న తేడా కాదు. 2.1 గ్యాలన్ల ట్యాంకు, గ్యాలన్‌కు 45 మైళ్లు అనుకుంటే 94 మైళ్ల దగ్గరే బండి ఆగిపోతుంది. ఎదురుగాలిలో గంటకు 70 మైళ్ల మీద తోలితే గ్యాలన్‌కు 40 మైళ్లు వచ్చినా గొప్పే. నేచురల్ బ్రిడ్జెస్ లోపలికి వెళ్లి 9 మైళ్ల లూప్ చుట్టి వస్తే ఇంకో 17 మైళ్లు కలపాలి. పార్కులో గ్యాస్ అమ్మరు. కొలరాడో నది దాటే చోట ఉన్న హైట్ (Hite) అనే ఊరి దగ్గరి పంపును నమ్ముకోకండి.

మొత్తం 142 మైళ్లు, 40 చొప్పున 3.6 గ్యాలన్లు. కాబట్టి ఒక గ్యాలన్ డబ్బా చాలదు, రెండు కట్టుకోవాలి. వాటిని అంచుదాకా నింపకండి, ఎండకు గ్యాస్ వ్యాకోచించి మూత దగ్గర కారుతుంది. సైలెన్సర్ వైపు కాకుండా వెనక ర్యాక్ మీద నిలువుగా బిగించండి. 4 గ్యాలన్ల పైన ట్యాంకు ఉన్నవాళ్లు హ్యాంక్స్‌విల్‌లో ఫుల్ చేస్తే చాలు.