వరసగా లేపి చదివించడం ఆపండి

‘తరగతిని చదివే గదిగా మార్చే అయిదు సూత్రాలు’ అనే మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. గోడలన్నీ చార్టులతో నింపాలట, పుస్తకాలు చిరగకుండా బీరువాలో పెట్టి తాళం వేయాలట, మెత్తలు వేసి రీడింగ్ కార్నర్ కట్టాలట, భయం పోవడానికి పిల్లల్ని వరసగా లేపి పైకి చదివించాలట, పద్యాలూ గేయాలూ అందరిచేతా కలిసి చదివించాలట. పంపుతున్నది టీచర్లే కావడం మరీ బాధ.

మెత్తల మాట వదిలేద్దాం. చాప చాలు, పేజీ మీద వెలుతురు పడాలి, అంతే.

గోడలు నింపితే పిల్లల చూపు పాఠం మీద నిలవదు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలతో చేసిన ప్రయోగంలో, అలంకరణ ఎక్కువున్న గదిలో ధ్యాస ఎక్కువ చెదిరింది, నేర్చుకున్నదీ తగ్గింది. ఈ వారం వాడుతున్న రెండు మూడు చార్టులే ఉంచండి, కూర్చున్న పిల్లల కంటి ఎత్తులో. వాడకం అయిపోగానే తీసేయండి.

తాళం తీసి పుస్తకాలు బయట పెట్టండి. చిన్నపిల్లలు అట్ట బొమ్మ చూసి ఎంచుకుంటారు కాబట్టి అట్ట ముందుకు కనబడాలి. తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీసినా సరే. చిరుగుతాయి. పక్కన జిగురు, టేపు పెట్టి అతికించడం వాళ్లకే నేర్పండి.

అసలు హాని నాలుగో సూత్రంతోనే, వరసగా లేపి పైకి చదివించడంతోనే. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్. ఒక్కొక్కరికి దక్కేది ఒక్క నిమిషం. మిగతా సేపు తమ వంతుకొచ్చే పేరా ఏదో లెక్కపెట్టుకుంటూ ఉంటారు. తడబడే పిల్లాడికి భయం పోవడం ఎక్కడిది? అందరి ముందూ తల దించుకోవడమే మిగులుతుంది. వాడు ‘పుసతకం’ అని చదివాడనుకోండి. అక్షరాలన్నీ వచ్చు, ఒత్తు దగ్గరే చిక్కు అని టీచరుకు తెలియాల్సిన క్షణం అది. ఈలోపు వెనక బెంచీ నుంచి ‘పుస్తకం!’ అని కేక. వాడు దాన్నే అప్పజెప్పి కూర్చుంటాడు. ఒత్తు చిక్కు అలాగే మిగిలిపోతుంది. దీన్ని సూత్రమని ఎలా పంచుతున్నారు?

జతలుగా చదివించండి. చదివే స్థాయిని బట్టి పేర్లు వరసగా రాసి (జాబితా పిల్లలకు చూపకండి), సగానికి విడదీసి, 1కి 21ని, 2కి 22ని జత చేయండి. అందరికంటే బాగా చదివేవాణ్ని అందరికంటే వెనకబడినవాడితో కూర్చోబెడితే ఇద్దరూ విసుగుతారు. పదేసి నిమిషాలు ఒకరు చదవాలి, ఒకరు వేలితో అనుసరించాలి. తప్పు దొర్లితే అయిదు సెకన్లు ఆగి, అప్పటికీ సర్దుకోకపోతేనే చెప్పాలి. పది మాటల్లో ఒకటి కంటే ఎక్కువ మాటల దగ్గర తడబడుతుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, మార్చండి. ఈలోగా మీరు రోజుకు కొన్ని జతల దగ్గర రెండేసి నిమిషాలు కూర్చుని, ఏ గుణింతం, ఏ ఒత్తు దగ్గర ఆగుతున్నారో రాసుకోండి.

అయిదోది మాత్రం ఒప్పుకోవాలి. కలిసి చదవడమంటే చిలకపలుకులేనని చాలాకాలం కొట్టిపారేశాను, అది నా పొరపాటు. పాఠ్యం కళ్లముందుండి, మాట మీద వేలు కదులుతుంటే, వెనకబడిన పిల్లలు గుంపు గొంతులో ధైర్యంగా గొంతు కలుపుతారు, వాక్యం ఎక్కడ విరగాలో పట్టుకుంటారు. ఎనిమిది పంక్తులు, మూడుసార్లు చాలు. తరవాత మధ్యలోంచి ఒక మాట చెప్పి ఎక్కడుందో చూపమనండి. నేరుగా వేలు పెడితే చదువుతున్నట్టు. మొదటి పంక్తి నుంచి పాడుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగితే కంఠతా పట్టినట్టు. ఆ పిల్లలతో మర్నాడు అదే గేయం, పంక్తులు విడివిడిగా కత్తిరించిన చీటీల మీద చదివించండి.