వద్దంటున్న తల, వినని డాక్టర్

బడ్జెట్ సుమారు 62,000 డాలర్లు, షూటింగ్ రెండు వారాల లోపే. 'ద బ్రెయిన్ దట్ వుడంట్ డై' గురించి ఎవరు రాసినా ముందు ఈ లెక్కలు చెప్పి, ఆ వెంటనే వెక్కిరింత మొదలుపెడతారు. 1959లో న్యూయార్క్‌లో జోసెఫ్ గ్రీన్ తీసిన ఈ బ్లాక్ అండ్ వైట్ హారర్ సినిమా 1962 దాకా థియేటర్లకు రాలేదు. కొన్ని ప్రింట్ల చివర టైటిల్‌లో 'బ్రెయిన్' బదులు 'హెడ్' అని పడుతుంది, అంత హడావిడిగా తయారైంది. అయినా సరే, మ్యాడ్ సైంటిస్ట్ సినిమాల్లో అసలు ప్రశ్నని ఇంత సూటిగా అడిగినవి చాలా తక్కువ అని నా గట్టి నమ్మకం. బతికించే విద్య చేతిలో ఉన్నంత మాత్రాన, నన్ను వదిలెయ్యమని వేడుకునే మనిషి మీద డాక్టర్‌కి హక్కు వస్తుందా?

బిల్ కోర్ట్‌నర్ యువ సర్జన్, తండ్రి కూడా సర్జనే. మొదట్లోనే ఆపరేషన్ టేబుల్ మీద పేషెంట్ చనిపోతాడు, తండ్రి చేతులెత్తేస్తాడు, కొడుకు మాత్రం తన పద్ధతిలో గుండెనీ మెదడునీ కదిలించి మనిషిని వెనక్కి తెస్తాడు. ఈ సీన్‌ని చాలామంది పట్టించుకోరు గానీ సినిమాకి తాళంచెవి ఇదే. మనుషుల మీద ప్రయోగాలేంటని తండ్రి మందలిస్తాడు, సరే, కానీ బతికిన పేషెంట్ కళ్లెదుటే ఉంటే ఆ మందలింపుకి బలమేం ఉంటుంది? అలా ఒకసారి గెలిచినవాడు ఇక ఎవరినీ అడగడు.

తర్వాత కారు యాక్సిడెంట్. అందులో తెగిపోయిన కాబోయే భార్య జ్యాన్ తలని కోటులో చుట్టుకుని ఊరి బయట ఉన్న ఇంటికి పరిగెడతాడు, బేస్‌మెంట్ ల్యాబ్‌లో ట్రేలో పెట్టి బతికిస్తాడు. ఆ తలకి అతికించడానికి ఒక ఆడమనిషి శరీరం కోసం వేట మొదలవుతుంది. జ్యాన్ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట అంటుంది, నన్ను చావనివ్వు అని.

బడ్జెట్ లేకపోవడం ఈ సినిమాకి మేలు చేసింది ఇక్కడే. నటి వర్జీనియా లీత్‌ని టేబుల్ కింద కూర్చోబెట్టి తల ఒక్కటే పైకి కనిపించేలా చేశారు, ఎఫెక్ట్ అంటే అంతే. తర్వాత పెద్ద డైరెక్టర్‌గా పేరు తెచ్చుకున్న స్టాన్లీ కుబ్రిక్ మొదటి సినిమాలో నటించిన మనిషి ఆవిడ. నడక లేదు, చేతులు లేవు, మెడ తిప్పే వీలు కూడా లేదు, మిగిలింది కళ్లూ గొంతూ. డబ్బుంటే ఈ డైరెక్టర్ ఆ తల చుట్టూ ఇంకేవో హంగులు పెట్టేవాడేమో. లేదు కాబట్టి కెమెరా ఆ ముఖం మీదే ఆగి, ఆవిడ చెప్పేది వినక తప్పలేదు. డాక్టర్ వినని మాటలన్నీ మనం వింటాం. అల్మారాలో బంధించి పెట్టిన వికృత జీవి కూడా చాలాసేపు ఒక తలుపూ కొన్ని చప్పుళ్లూ మాత్రమే. అదీ, పాడైన చేతితో తిరిగే అసిస్టెంట్ కర్ట్ కూడా, పాత ప్రయోగాలు చెడిపోగా మిగిలినవాళ్లే. ఆ గదిలో ఒక డాక్టర్ చేతిలో నాశనమైన ముగ్గురున్నారు, వాళ్ల మధ్య మాటలే ఈ సినిమాకి ప్రాణం.

అప్పటి ప్రేక్షకులకి ఇది పూర్తిగా కట్టుకథ కాదు. 1954లో బోస్టన్‌లో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది, అదే ఏడాది సోవియట్ యూనియన్‌లో డెమిఖోవ్ అనే సర్జన్ ఒక కుక్కకి ఇంకో కుక్క తలని అతికించాడు. సినిమా వచ్చాక, 1970లో, అమెరికాలో రాబర్ట్ వైట్ అనే సర్జన్ కోతి తలనే మార్చాడు. మరోపక్క, నాజీ డాక్టర్ల దారుణాలు బయటపడ్డాక మనుషుల మీద ప్రయోగాలకి హద్దులు పెడుతూ 1947లో వచ్చిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి సూత్రమే మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోవాలన్నది. గ్రీన్ ఇదంతా చదివి తీశాడని నేననడం లేదు, ఆ భయం అప్పటి గాలిలోనే ఉంది.

సినిమాలో తప్పు లేదా అంటే ఉంది, పెద్దదే. బిల్ క్లబ్బుల్లో, అందాల పోటీలో అమ్మాయిల ఒళ్లు కొలుస్తుంటే కెమెరా కూడా అతనితో పాటే కొలుస్తుంది. అది విమర్శ కాదు, టికెట్లు అమ్ముకునే పని. అది నాకు ఇప్పటికీ కంపరంగానే ఉంటుంది. కానీ ఆ వేట చివర్లో డోరిస్ వస్తుంది. ముఖం మీద మచ్చ ఉన్న మోడల్. ప్లాస్టిక్ సర్జరీతో మచ్చ పోగొడతానని నమ్మించి ఇంటికి తెచ్చి, డ్రింక్‌లో మత్తుమందు కలుపుతాడు. జ్యాన్ వద్దంటే వినలేదు, డోరిస్ ఒప్పుకున్నది వేరు, చెయ్యబోయింది వేరు. కాదన్నదాన్నీ సరేనన్నదాన్నీ రెండిటినీ తొక్కేశాడు. రాక్షసుడిగా చూపడానికి ఇంతకంటే మేకప్ అక్కర్లేదు.

మన దగ్గర 2018లో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకి యంత్రాల మీద బతుకు వద్దని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. అలాంటి కాగితం ఒకటి ఉంటుందని మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఐసీయూ బయట బంధువులే తేలుస్తారు, లోపల ఉన్న మనిషి ఎప్పుడో ఏమన్నాడో గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ. అందరూ ప్రేమతోనే చేస్తారు. బిల్ కూడా జ్యాన్‌ని ప్రేమించాననే అంటాడు.

కాపీరైట్ లేదు కాబట్టి ఈ సినిమా ఆన్‌లైన్‌లో ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. కాకపోతే సుమారు 70 నిమిషాల కోత ప్రింట్లు చాలా తిరుగుతున్నాయి, వాటి జోలికి వెళ్లకుండా 82 నిమిషాలది వెతుక్కుని చూడండి.